ఫారోల ప్రయాణాలు

మూడువేల ఏండ్లు భూగర్భంలో చెక్కుచెదరకుండా ఉన్న వస్తువు, పైకి తీసిన కొద్ది రోజుల్లోనే పొడి పొడిగా రాలిపోవడం పురావస్తు శాస్త్రజ్ఞులకు కొత్త అనుభవం కాదు. వస్తువును కనుగొనడం కన్న దానిని అక్కడినుంచి కదిలించడమే కష్టం. ఈ పాఠాన్ని ఈజిప్టులో నేర్చుకొన్న తీరు వింతగా ఉంటుంది.

నైలునది పడమటి గట్టున, లక్సరు పట్టణానికి ఎదురుగా కుర్నా అనే పల్లె ఉండేది. ఆ పల్లెలోని అబ్ద్ ఎల్ రసూల్ కుటుంబంవారికి 1871 ప్రాంతంలో కొండలోని ఒక రహస్యపు గుహ కంటబడింది. వారు పదేండ్లపాటు అందులోని వస్తువులను కొంచెం కొంచెంగా తీసి అమ్ముకొన్నారు. విచారణ జరిగి, చివరకు ఆ సోదరులలో ఒకడు గుట్టు బయటపెట్టాడు. 1881 జులైలో ప్రభుత్వ పురావస్తు శాఖ పక్షాన ఎమిల్ బ్రుగ్ష్ అనే జర్మను ఉద్యోగి, అహ్మద్ కమాల్ అనే ఈజిప్షియను పండితుడు అక్కడికి వెళ్ళారు. సుమారు 40 అడుగుల లోతైన బావిలోకి తాడు పట్టుకొని దిగి చూస్తే, లోపల ఒకరు కాదు, ఇద్దరు కాదు, ఈజిప్టు చరిత్రలోని మహారాజులు వరుసగా పడుకొని ఉన్నారు. మూడవ థట్మోస్, మొదటి సేతీ, రెండవ రామెసెస్ అందులోనివారే. దొంగల భయంచేత ప్రాచీన కాలపు పూజారులే వారినందరిని ఒకచోటికి చేర్చి దాచారు. ఫారోలకు మొదటి ప్రయాణం చేయించింది ఆ పూజారులేనన్న మాట.

బ్రుగ్ష్‌కు ఇప్పటి దొంగల భయం పట్టుకొన్నది. చుట్టుపక్కల పల్లెలవారు విరుచుకుపడితే దిక్కులేదు. మూడు వందలమంది కూలీలను పిలిపించి, దాదాపు 48 గంటల్లో గుహను ఖాళీ చేయించాడు. శవపేటికలను చాపలలోను, గుడ్డలలోను చుట్టి కుట్టి, మోతగాళ్ళ భుజాలమీద నదికి చేర్చి స్టీమరు ఎక్కించారు. స్టీమరు సాగుతుంటే గట్టుమీద పల్లె స్త్రీలు జుట్టు విరబోసుకొని, చావు ఇంట ఏడ్చినట్టు శోకాలు పెట్టారని, మగవారు తుపాకులు పేల్చారని ఆనాటివారు వ్రాశారు. కైరో సుంకపు ఠాణాలో మమ్మీలకు ఏ పద్దు క్రింద పన్ను వేయాలో తెలియక ఎండుచేపల పద్దు వాడారని ఒక కథ కూడా ఉన్నది. అది కట్టుకథే కావచ్చు.

వస్తువులు దక్కాయి. కాని ఏ పేటిక ఎక్కడ ఉన్నదో పటం గీయలేదు. ఉన్నచోట ఉన్నట్లుగా ఫోటోలు తీయలేదు. ఏ వస్తువు ఎవరి ప్రక్కన ఉన్నదనే ప్రశ్నకు తరువాతి పండితులు సమాధానం వెతుక్కోవలసి వచ్చింది. బ్రుగ్ష్‌ను తప్పుపట్టడం తేలికే గాని, ఆ బావి అంచున నిలబడి ఆలోచిస్తే అతని తొందర అర్థమవుతుంది.

ఇక 1922 నవంబరు 4న హొవార్డ్ కార్టర్ టుటన్‌ఖామున్ సమాధి మెట్లను కనుగొన్నాడు. సమాధి ముందుగది నిండా మంచాలు, పెట్టెలు, రథాలు, కుండలు ఒకదానిమీద ఒకటి కుప్పగా ఉన్నాయి. ఒకటి తీస్తే ఇంకొకటి కూలేట్లున్నది. కార్టర్ తొందరపడలేదు. ప్రతి వస్తువుకు ఒక అంకె ఇచ్చి, ఉన్నచోటనే హారీ బర్టన్ చేత ఫోటో తీయించి, పటంలో గుర్తు పెట్టించాడు. అన్ని వస్తువులూ బయటికి రావడానికి పదేండ్లు పట్టింది. దగ్గరలో ఉన్న రెండవ సేతీ సమాధినే ప్రయోగశాలగా మార్చి, ఆర్థర్ మేస్, రసాయనశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ లూకస్ అక్కడ పనిచేశారు.

అక్కడ పూసలు కుట్టిన చెప్పులు ఉన్నాయి. చూపుకు నిన్న కుట్టినట్లున్నాయి, కాని లోపలి దారం ఎప్పుడో కుళ్ళిపోయింది; వేలు తగిలితే పూసలు జలజల రాలిపోతాయి. అందుచేత పారఫిన్ మైనాన్ని కరగించి చెప్పులమీద పోశారు. అది గట్టిపడిన తరువాత చెప్పును మైనంతో సహా ఒక ముక్కగా పైకి ఎత్తారు. ఎండిన పూలగుత్తులమీద సెల్యులాయిడు ద్రావకం చల్లారు. బొమ్మలు చిత్రించిన ఒక పెట్టెలోని వస్త్రాలను, నగలను పొర పొరగా తీసి అడుగుకు చేరడానికి మేస్‌కు మూడు వారాలు పట్టింది. రథాల జీను తోలు మాత్రం సమాధిలోని తేమకు కరగి నల్లని జిగురుముద్ద అయిపోయింది. దానికి ఏ ఉపాయమూ లేకపోయింది.

బంగారు రేకు తాపడం చేసిన కొయ్య వస్తువులు ఇంకొక విధమైన చిక్కు తెచ్చిపెట్టాయి. వానాకాలంలో ఇంటి తలుపు బిగుసుకొనిపోవడం, వేసవిలో వదులు కావడం మనకు తెలిసిందే. కొయ్య తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకొనిపోతుంది. అయితే ఈ మార్పు నార వెంబడి చాలా తక్కువ, నారకు అడ్డంగా ఎక్కువ. కొయ్యమీద సుద్దపూత, దానిమీద బంగారు రేకు ఉన్నాయనుకొందాం. కొయ్య కుంచించుకొంటుంది, సుద్దపూత దానితోపాటు కుంచించుకోదు. అప్పుడు పూత పొంగి, పగిలి, రేకుతోసహా ఊడివస్తుంది. సమాధి చల్లని గాలినుంచి ఎడారి ఎండగాలిలోకి వచ్చిన వస్తువుకు జరిగేది ఇదే. పూతకు కొయ్యకు మధ్య ఏర్పడిన ఖాళీలో వేడి మైనం నింపి కార్టర్ బృందంవారు బంగారాన్ని నిలిపారు.

1923 మే నెలలో మొదటి విడత వస్తువులు కైరోకు బయలుదేరాయి. దూదితో, గుడ్డతో పొదిగిన 89 పెట్టెలను 34 పెద్ద పెట్టెలలో సర్దారు. కుమ్మరి సంతకు బండి కట్టేటప్పుడు కుండల మధ్య గడ్డి ఎందుకు కూరుతాడో, ఇక్కడ దూది కూరడానికి కూడా అదే కారణం: కుదుపును వస్తువు దాకా రానీయకుండా మెత్తని పొర మింగివేస్తుంది. దూదిలో ఇంకొక గుణం కూడా ఉన్నది. గట్టిగా మూసిన పెట్టెలోని గాలిలో తేమ స్వల్పం. బయట వేడి మారినప్పుడు దూది, కొయ్య కొంత తేమను ఇచ్చి పుచ్చుకొంటూ లోపలి గాలిని నిలకడగా ఉంచుతాయి.

నదికి ఐదున్నర మైళ్ళు. చిన్న పట్టాలమీద నడిచే తోపుడు బండ్లు దొరికాయి, కాని పట్టాలు కొద్దిగజాల పొడవుకే సరిపోయాయి. బండ్లు దాటిన పట్టాలను వెనుకనుంచి ఊడదీసి ముందు పరుస్తూ, ఏబదిమంది కూలీలు 15 గంటలు శ్రమపడ్డారు. ఎండకు పట్టాలు చేతులు కాలేంత వేడెక్కాయట. పెట్టెలు పడవమీద వారం రోజులకు కైరో చేరాయి.

ఇంత ఓర్పు చూపిన కార్టర్ 1925లో రాజు శరీరం దగ్గర ఓడిపోయాడు. పూర్వం పోసిన సుగంధ తైలాలు గట్టిపడి శరీరం పేటికకు అతుక్కొని పోయింది. ఎండలో ఉంచితే కరగలేదు. చివరకు దేహాన్ని ముక్కలు చేసి, తలను ముసుగునుంచి వేడి కత్తులతో విడదీశారు. బంగారు ముసుగు మాత్రం ఆ ఏడాది చివర సాయుధుల కాపలాలో రైలులో కైరో చేరింది. రాజును సమాధిలోనే మళ్ళీ ఉంచారు. ఆ ముసుగు గడ్డం 2014లో మ్యూజియంలోనే ఊడిపోగా, హడావిడిగా ఎపాక్సీ జిగురుతో అంటించారు. జర్మను నిపుణులు ఆ జిగురును గీకి తీసి, 2015లో తేనెమైనంతో తిరిగి అతికించారు. 90 ఏండ్ల క్రిందట మైనం ఎంచుకొన్నవారి తెలివి ఏమిటో అప్పుడు తెలిసింది: మైనాన్ని కావలసినప్పుడు కరగించి తీయవచ్చు, ఎపాక్సీని అట్లా తీయలేము.

బ్రుగ్ష్ తెచ్చిన రెండవ రామెసెస్ కథ ఇంకా మిగిలి ఉన్నది. పొడి కొండలో ఉన్నన్నాళ్ళు లేని బూజు కైరోలో అతని శరీరాన్ని పట్టింది. 1976లో విమానంలో ఫ్రాన్సుకు తీసికొనిపోయి, మరుసటి ఏడాది గామా కిరణాలు ప్రసరింపజేసి బూజును చంపారు. వేడి, రసాయనాలు వాడితే మమ్మీ చెడిపోయేది. గామా కిరణాలు వస్తువును తడపకుండా, వేడెక్కించకుండా లోపలికి చొచ్చుకొనిపోతాయి.

2021 ఏప్రిల్ 3 రాత్రి రామెసెస్‌తో సహా 18 మంది రాజులు, నలుగురు రాణులు కైరోలోని పాత మ్యూజియంనుంచి కొత్త మ్యూజియంకు ఊరేగింపుగా వెళ్ళారు. ఈసారి చాపలు లేవు. ఒక్కొక్కరిని నత్రజని నింపిన పెట్టెలో ఉంచి, కుదుపులు తట్టుకొనేట్లు ప్రత్యేకంగా అమర్చిన వాహనాలమీద తరలించారు. నత్రజనిలో బూజు పెరగదు, పురుగు బ్రతకదు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో కూడా ఒక ఈజిప్టు యువతి మమ్మీ ఉన్నది. ఏడవ నిజాం కాలంలో అది ఇక్కడికి వచ్చింది. ఎన్నో ఏండ్లు మామూలు గాలి తగులుతూ ఉన్న ఆ మమ్మీని 2016లో ఆమ్లజని లేని, గాలి చొరని గాజుపెట్టెలోకి మార్చారు.