విద్యుత్ గిటారు, దాని బంధువాద్యములు

విద్యుత్ గిటారు అనగా, బిగించిన ఉక్కుతీగెల కదలికను అయస్కాంతముచేతను, దానికి చుట్టిన సన్నని రాగితీగె చేతను విద్యుత్ప్రవాహముగా మార్చి, ఆ స్వల్పప్రవాహమును ఆంప్లిఫయరునందు బలపరచి, స్పీకరు ద్వారా మరల నాదముగా వినిపించు తంత్రీవాద్యము. 1831లో మైకేల్ ఫారడే నిరూపించిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దీనికి ఆధారము. తీగెలక్రింద అమర్చెడి ఆ చుట్టకు వాదకులు వాడు పేరు పికప్. సామాన్య గిటారునందు నాదమును పెంచునది బోలుగానుండు కొయ్యడొప్ప. విద్యుత్ గిటారునకు ఆ డొప్పతో పనిలేదు గనుక దాని శరీరమును గట్టికొయ్యతోనే చేయవచ్చును. అట్లు చేసినపుడు తీగె తన శక్తిని కొయ్యకు త్వరగా ధారపోయక చిరకాలము కంపించును. ఈ వాద్యము వలన సంగీతమునకు కలిగిన లాభము ధ్వని పెరుగుట యని లోకము తలచుచున్నది. అంతకన్న గొప్పలాభము నాదము నిలుచుట.

పుట్టుకకు మాత్రము ధ్వనియే హేతువు. నాట్యశాలలలో ఇత్తడివాద్యముల హోరునకు గిటారు వినబడకుండుటచే, అమెరికాలో జార్జి బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు 1931–32 ప్రాంతమున, వేపుడుపెనము వలె నుండు లోహపు గిటారునొకదానిని సిద్ధపరచిరి. అది ఒడిలో నుంచుకొని, ఉక్కుకమ్మిని తీగెలపై జార్చుచు హవాయి ద్వీపపు పద్ధతిని వాయించునది. మన గోటువాద్యమునకు దూరపు చుట్టమనదగినది. 1950లో లియో ఫెండర్ గట్టికొయ్య గిటారును విపణికి తెచ్చెను. 1952లో గిబ్సన్ సంస్థవారి లెస్ పాల్, 1954లో ఫెండరు స్ట్రాటొకాస్టర్ వెలువడెను. రాక్ సంగీతమంతయు వీని ఆసరాతో పెరిగినదే.

ఈ వాద్యమును గూర్చిన డాక్యుమెంటరీ చిత్రములలో డేవిస్ గుగెన్‌హైమ్ తీసిన ‘ఇట్ మైట్ గెట్ లౌడ్’ పేర్కొనదగినది. 2008లో టొరంటో చలనచిత్రోత్సవమున తొలుత ప్రదర్శింపబడిన ఈ చిత్రమున జిమ్మీ పేజ్, ఎడ్జ్, జాక్ వైట్ అను మూడు తరముల వాదకులు ఒక్కచోట కూర్చుండి గిటారులను మీటుదురు. చిత్రారంభమున జాక్ వైట్ ఒక పల్లెటూరి ఇంటి ముందర, ఆవులు చూచుచుండగా, ఒక పలకకు మేకులు కొట్టి, వానినడుమ ఒక తీగెను లాగి, శీతలపానీయపు సీసాను మేరువుగా నిలిపి, పికప్‌నొకదానిని తగిలించి వాయించును. వాద్యమున ఆవశ్యకమైనదేదో, అలంకారమేదో ఆ దృశ్యము కన్నులకు కట్టినట్లు తెలుపును. పిదప ఎడ్జ్ తన ప్రతిధ్వని యంత్రములను ఆపివేసి, తాను మీటునవి కొలది స్వరములే యని దాపరికము లేక చూపును. యంత్రము వానిని మరల మరల పలికించి నిలుపుటచేతనే అవి విశాలమగుచున్నవి.

హైదరాబాదు పాతనగరమున పికప్‌తో పలుకు ఈ జాతి వాద్యమును చూడగోరువారు ఉరుసుల రాత్రులందు ఖవ్వాలీ గోష్ఠికి పోవలయును. అచ్చట హార్మోనియము ప్రక్కన కొన్ని బృందములయందు బెంజో వినవచ్చును. పేరు బెంజో యైనను ఇది అమెరికా బెంజో కాదు. 1912లో జపానునందలి నగోయాలో గోరో మొరిటా కల్పించిన టైషోగోతో అను వాద్యము మన దేశమునకు వచ్చి బుల్‌బుల్ తరంగ్ అనియు బెంజో అనియు వాడుకకెక్కినది. నిడుపైన పెట్టెపై తీగెలు, తీగెలపై టైపురైటరు వంటి మీటలు. ఎడమచేతి వ్రేళ్లు మీటలను నొక్కుచుండ కుడిచేతి జవ్వ తీగెలను కదిలించును. దానికి పికప్‌ను అమర్చి వైరును ఆంప్లిఫయరునకు కలిపినచో, తాళము పట్టు చేతుల చప్పుడును, ఢోలకు మ్రోతను దాటి స్వరము వీధి చివర వరకు పోవును. అయితే మీట ఎచ్చట నొక్కునో స్వరము అచ్చటనే యుండును. రెండు స్వరముల నడిమి త్రోవ దానికి లేదు. హార్మోనియమునకు గల లోపమే దీనికిని గలదు.

ఆ నడిమి త్రోవను విద్యుద్వాద్యముపై నడిచి చూపినవారు తెలుగువారగుట మనకు సంతోషకరము. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లునందు జన్మించిరి. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాదకులు. ఇంటనున్న మాండొలిన్‌ను ఆరవయేట చేపట్టిన బాలునికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు, గాయకులైన చెంబై వైద్యనాథ భాగవతారు శిష్యులు. సుబ్బరాజుకు మాండొలిన్ వాయించుట రాదు. గురువు పాడును, శిష్యుడు ఆ పాటను తీగెలపై వెదకికొనును. గాత్రమును తీగెపైకి దింపుకొనవలసిన అగత్యమే శ్రీనివాస్‌కు మార్గదర్శకమైనదని నా విశ్వాసము.

సామాన్య మాండొలిన్‌కు నాలుగు జంటల తీగెలుండును. మీటిన స్వరము క్షణములో అణగిపోవును. స్వరమును ఊపు కంపితమును గాని, స్వరమునుండి స్వరమునకు సాగు జారును గాని పలికించుటకు వ్యవధి చాలదు. శ్రీనివాస్ జంటలను మాని ఒంటితీగెలు ఐదు గల గట్టికొయ్య విద్యుత్ మాండొలిన్‌ను గ్రహించిరి. ఒక్క మీటుతో పుట్టిన నాదము నిలిచియుండగా, వ్రేలు మెట్టునుండి మెట్టునకు జారి, గమకమును గాత్రమువలె పలికించెను.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరీ; 1981లో మద్రాసు ప్రవేశము; 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవము; 1998లో పద్మశ్రీ. పాశ్చాత్యవాద్యమునకు కర్ణాటక సంగీతము పొసగునా యను శంక ఆయన కచేరీలతోనే తీరినది. తరువాత రిమెంబర్ శక్తి బృందమున జాన్ మెక్‌లాఫ్లిన్ విద్యుత్ గిటారు చెంత ఆయన మాండొలిన్ సమస్కంధముగా పలికెను. 2014 సెప్టెంబరు 19న, నలువదియైదవయేట, చెన్నైలో మరణించిరి. ఆయన సోదరుడు యు. రాజేష్ ఆ వాద్యమునే వాయించుచున్నారు.