వైద్య పరీక్షలలో స్త్రీలు

ఆడపిల్ల డాక్టరు చదువుకు పోతానంటే, "అంత గట్టి పరీక్షలు నెగ్గగలదా?" అని సందేహించు పెద్దలు మన ప్రవాసాంధ్ర కుటుంబములలో ఇంకను ఉన్నారు. ఈ సందేహమునకు జవాబు చెప్పు చరిత్ర మన పిక్కిలికి పరాయిది కాదు. ధర్మపురి జిల్లా ఏర్పడినది 1965లో. పూర్వమిది మద్రాసు రాజధానిలో, సేలము జిల్లాలోని భాగము. ఆ మద్రాసులోని వైద్య కళాశాల 1875లోనే నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. అప్పటికి బ్రిటనులో స్త్రీలకు వైద్య పట్టా ఇచ్చుటకు పరీక్షా సంస్థలను అనుమతించు చట్టమే లేదు. అది మరుసటి సంవత్సరము వచ్చినది.

ఆ నలుగురిలో ఒకరు మేరీ షార్లీబ్, మద్రాసులో బారిస్టరుగా ఉన్నవారి భార్య. గోషా స్త్రీలు మగ వైద్యునికి చూపించుకొనలేక ప్రసవములలో పడు యాతన చూచి ఆమె ఈ చదువునకు పూనుకొన్నది. సర్జన్ జనరల్ బాల్ఫర్ అండగా నిలిచినాడు. 1878లో పట్టా చేతికి వచ్చినది. 1882లో లండన్ విశ్వవిద్యాలయ పరీక్షలో ప్రసూతి శాస్త్రమున బంగారు పతకము గెలుచుకొన్నది. తిరిగి వచ్చి ఆమె 1885లో మద్రాసులో నెలకొల్పిన గోషా ఆసుపత్రియే నేటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. ఆ కళాశాలలోనే 1912లో ముత్తులక్ష్మీ రెడ్డిగారు పట్టభద్రులైనారు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి కుమార్తె అచ్చమాంబగారు కూడ మద్రాసులో వైద్యము చదివి, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైనారు.

మార్కులు వచ్చినను ఫలము దక్కనివారు లేకపోలేదు. 1870లో ఎడింబరోలో ఈడిత్ పీచీ రసాయన శాస్త్రమున తోటివారిని మించినది. స్కాలర్‌షిప్ మాత్రము మగ విద్యార్థులకే పోయినది. ఇది పాతకాలపు మాట అనుకొనరాదు. టోక్యో వైద్య విశ్వవిద్యాలయము ప్రవేశ పరీక్షలలో ఆడపిల్లల మార్కులను ఏండ్ల తరబడి తగ్గించి చూపినట్లు 2018లో బయటపడినది. ఇట్టి చోట "ఆడవారు వెనుకబడినారు" అను లెక్కకు అర్థమేమి?

మరి దొంగలెక్కలు లేనిచోట? మన పిల్లలు ఎందరో వ్రాయు అమెరికా లైసెన్సు పరీక్షలనే చూతము. శరీర శాస్త్రము, జీవరసాయనము వంటివి అడుగు మొదటి మెట్టులో మగవారికి సగటున సుమారు 6 మార్కులు ఎక్కువ వచ్చినట్లు 2019లో వెలువడిన ఒక పరిశీలన తేల్చినది. అంతకుముందటి చదువు మార్కులను లెక్కలోనికి తీసుకొన్నప్పుడు ఆ తేడా తగ్గినది. రోగిని చూచి చికిత్స నిర్ణయించు రెండవ మెట్టులో ఆ వెనుకబాటు లేదు. రోగితో ముఖాముఖి మాట్లాడించు పరీక్ష ఒకటి 2021 వరకు ఉండెడిది. అందులో స్త్రీలదే పైచేయి. ఏమి అడుగుచున్నారన్న దానిని బట్టి తేడా మారుచున్నదన్నమాట!

2022 జనవరి నుండి ఆ మొదటి మెట్టుకు అంకెల మార్కులు తీసివేసినారు. నెగ్గినారా, లేదా అన్నంతవరకే చెప్పుదురు.