మోరీ నీళ్ళల్లో యూరియా బస్తాలు

"మోరీ నీళ్ళల్లో నత్రజని గురించి రాస్తే ఎవడు చదువుతాడురా" అన్నాడు మా రూమ్మేటు. చదివేవాళ్ళు చదువుతారు లెండి. బీటెక్‌లో సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో తేలిన వేలమందిలో నేనూ ఒకణ్ణి. మురుగునీటి శుద్ధి మీద మాకొక పేపరుండేది, అందులో ఈ సంగతికి ఒకటిన్నర పేజీ ఇచ్చారు. పరీక్షలో రాదు, వదిలెయ్యండి అని సీనియర్లు చెప్పిన పేజీలవి. వాటి వెనకాల నూట యాభై ఏళ్ళ కథ ఉందనీ, ఆ కథ మా సిద్దిపేట దాకా వస్తుందనీ మాకెవరూ చెప్పలేదు.

ముందు ఒక చిన్న లెక్క. మనిషి ఒంట్లోంచి రోజుకి సుమారు 8 నుంచి 10 గ్రాముల నత్రజని బయటికి పోతుంది, ఎక్కువ భాగం మూత్రంలోనే. 2011 జనాభా లెక్కల నాటికే సిద్దిపేట మున్సిపాలిటీలో లక్షమంది పైన ఉన్నారు. తలకి 8 గ్రాములే వేసుకున్నా రోజుకి 800 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. అంటే మా ఊరు రోజూ దాదాపు 40 బస్తాల యూరియాకి సరిపడా నత్రజనిని పాయిఖానాల్లో పోస్తోంది! పక్క మండలంలో రైతులు అదే యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడతారు.

ఇంకా తమాషా ఏంటంటే, ఆ యూరియా తయారయ్యేది కూడా మన రోడ్డు మీదే. హైదరాబాదు నుంచి సిద్దిపేట, కరీంనగర్ మీదుగా పోయే రాజీవ్ రహదారి రామగుండం చేరుతుంది. అక్కడి ఎరువుల కర్మాగారం మొదట బొగ్గుతో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతబడి, సహజవాయువుతో 2021లో మళ్ళీ తెరుచుకుంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. గాలిలో 78 శాతం ఉన్న నత్రజనిని బోలెడంత వేడితో, ఒత్తిడితో పట్టి అమ్మోనియా చేసి, దాన్ని యూరియా చేస్తారు. పొలంలో చల్లితే వరి తింటుంది, వరిని మనం తింటాం, మిగిలింది మోరీలో పడుతుంది. మురుగునీటి కేంద్రంలో మళ్ళీ కరెంటు ఖర్చుపెట్టి దాన్ని గాలిలోకి పంపించాలి. పట్టుకోవడానికి ఖర్చు, వదిలెయ్యడానికీ ఖర్చు.

వదిలెయ్యకపోతే ఏమవుతుంది? చెరువులో గుర్రపుడెక్క పరుచుకుంటే, నీళ్ళు పచ్చగా చిక్కబడితే అక్కడ నత్రజని, భాస్వరం ఎక్కువున్నాయని అర్థం. అమ్మోనియా మోతాదు పెరిగితే చేపలు చస్తాయి. నైట్రేటుగా మారి భూమిలోకి దిగితే బాయి నీళ్ళు, బోరు నీళ్ళు పాడవుతాయి. తాగేనీటిలో లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటొద్దని మన ప్రమాణం, ముఖ్యంగా పాలడబ్బా పిల్లలకి ప్రమాదం కాబట్టి. కేంద్ర భూగర్భజల బోర్డు 2024 నివేదికలో తెలంగాణ నమూనాల్లో నాలుగో వంతుకి పైగా ఈ గీత దాటాయి. అందులో యూరియా వాటా ఉంది, పెంటకుప్పల వాటా ఉంది, మన సెప్టిక్ ట్యాంకుల వాటా కూడా ఉంది. ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టుకున్నామని గర్వపడే జిల్లా మాది, ఆ గర్వంలో తప్పేం లేదు. కానీ గుంతలోకి పోయింది మాయమవదు కదా.

సరే, చరిత్రకొద్దాం. మన పాతగోడల అడుగున, పశువుల కొట్టాల పక్కన తెల్లగా ఉప్పు పొంగడం చూసే ఉంటారు. అందులో సురేకారం ఉంటుంది. ఆ మట్టిని కడిగి, కాచి తీసిన సురేకారంతోనే పూర్వం తుపాకిమందు చేసేవాళ్ళు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు పులికాట్ కోటలో మందు తయారుచేసుకున్నారు. మూత్రం పడిన మట్టిలో సురేకారం ఎందుకు పుడుతుందో మాత్రం అప్పట్లో ఎవరికీ తెలీదు. గాలి తగిలి జరిగే రసాయన చర్య అని చాలాకాలం అనుకున్నారు.

1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఒక పొడవాటి గాజుగొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి పైనుంచి మురుగునీళ్ళు వదిలారు. దాదాపు ఇరవై రోజులు అమ్మోనియా అమ్మోనియాగానే కిందికి దిగింది. తర్వాత ఉన్నట్టుండి నైట్రేటు రావడం మొదలైంది. రసాయన చర్యే అయితే ఇరవై రోజులు ఎందుకు ఆగాలి? అందుకని క్లోరోఫాం పట్టించారు, నైట్రేటు ఆగిపోయింది. కాస్త మట్టి కలిపిన నీళ్ళు పోసారు, మళ్ళీ మొదలైంది. అంటే లోపల ఏదో ప్రాణం ఉంది. నాకు ఈ ప్రయోగం అంటే చాలా ఇష్టం. ప్రొడక్షన్‌లో ఒక సర్వీసుని ఆపి చూసి, మళ్ళీ లేపి చూసి, నేరం దానిదే అని తేల్చినట్టు ఉంటుంది. ఆ ప్రాణుల్ని విడదీసింది వినోగ్రాడ్‌స్కీ, 1890 ప్రాంతంలో జూరిక్‌లో. మామూలు బ్యాక్టీరియాకి పెట్టే తిండి పెడితే ఇవి పెరగవు. సేంద్రియ పదార్థం ఏదీ లేకుండా, ఉత్త అమ్మోనియా, లవణాలు పెడితే పెరిగాయి. ఒక జాతి అమ్మోనియాని నైట్రైటు చేస్తుంది, ఇంకో జాతి నైట్రైటుని నైట్రేటు చేస్తుంది. వీటికి ప్రాణవాయువు కావాలి, చాలా కావాలి. కిలో నత్రజనికి 4.57 కిలోలు.

మిగతా సగం కథ బోర్డోలో జరిగింది. 1880లలో గేయాన్, డ్యుపెటి మురుగునీటిలో నైట్రేటు కలిపి గాలి తగలకుండా ఉంచితే అది మాయమవడం గమనించారు. ఊపిరికి ఆక్సిజన్ దొరకని బ్యాక్టీరియా నైట్రేటులోని ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. మిగిలిన నత్రజని బుడగలై గాలిలో కలుస్తుంది. మన వరిమడి బురదలో జరిగేదీ అదే. మడి పైన నిలిచిన నీళ్ళ దగ్గర గాలి ఉంది, అడుగున లేదు. చల్లిన యూరియాలో కొంత పైన నైట్రేటై, కిందికి దిగి, గాలిలో కలిసిపోతుంది. రైతుకి అది నష్టం. మురుగునీటి ఇంజనీరుకి అదే కావాలి!

అంటే 1890 నాటికే ముక్కలన్నీ చేతిలో ఉన్నాయి. కానీ వాటిని జోడించి ఒక యంత్రంగా నడపడానికి ఇంకో డెబ్బై ఏళ్ళు పట్టింది. ఎందుకంటే అప్పటి ఇంజనీర్లకి కావలసింది కంపు పోవడం, జబ్బులు రాకపోవడం. నైట్రేటు వస్తే చాలు, నీళ్ళు శుభ్రమైనట్టే లెక్క.

1914 ఏప్రిల్ 3న మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ ఒక పేపరు చదివారు. మురుగునీటికి గాలి ఊదుతూ పోతే అమ్మోనియా అంతా నైట్రేటు అవడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. అందరూ అడుగున చేరిన బురదని పారబోసేవాళ్ళు. వీళ్ళు పైన తేరిన నీళ్ళు మాత్రం తీసేసి, బురదని ఉంచి, కొత్త మురుగు పోసారు. మళ్ళీ, మళ్ళీ. చివరికి ఐదు వారాల పని ఒక్కరోజులో అయింది. ఇంట్లో పాలు తోడెయ్యడానికి నిన్నటి పెరుగు చెంచాడు ఉంచుకున్నట్టే, కాకపోతే ఇక్కడ చెంచాడు కాదు, గిన్నె అంతా ఉంచుకోవాలి. ఈ రోజు ప్రపంచంలో ఊళ్ళ మురుగు చాలావరకు ఈ పద్ధతి మీదే శుభ్రమవుతోంది.

వాళ్ళకి ఆ దారి చూపించింది గిల్బర్ట్ ఫౌలర్. 1912లో అమెరికాలో మురుగునీటికి గాలి పట్టించే ప్రయోగాలు చూసొచ్చి వీళ్ళని పురమాయించాడు. ఆ ఫౌలర్ 1916లో ఎక్కడికి వచ్చాడో తెలుసా? బెంగళూరు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి. వచ్చాక ఆయనకి పట్టుకున్న ఆలోచన నత్రజనిని తీసెయ్యడం కాదు, దాచుకోవడం. మురుగులో పోతున్న నత్రజనిని బురద రూపంలో పట్టి పొలాలకి చేర్చాలన్నాడు. 1934లో ఏకంగా నత్రజనిని కాపాడుకోవడం మీదే పుస్తకం వేసాడు. రామగుండం లేని రోజులు, దేశంలో పొలాలకి పెంట తప్ప ఇంకో ఎరువు పెద్దగా లేని రోజులు. ఈ దేశాన్ని చూసాక ఆ ప్రశ్న పుట్టకపోతేనే ఆశ్చర్యం.

పడమటి దేశాల్లో ప్రశ్న వేరే దారి పట్టింది. అక్కడ ఎరువు చవకైంది, సరస్సులు పాచిపట్టాయి. 1962లో లడ్జాక్, ఎట్టింగర్ ఒక మార్పు చెప్పారు: గాలి ఊదే తొట్టికి ముందు గాలి లేని తొట్టి ఒకటి పెట్టండి అని. ముందా, వెనకా అన్నది చిన్న సంగతి కాదు. నైట్రేటుని తినే బ్యాక్టీరియాకి తిండిగా సేంద్రియ పదార్థం కావాలి. వెనక పెడితే అప్పటికే తిండంతా అయిపోయి ఉంటుంది. ముందు పెడితే వచ్చే మురుగే తిండి. దక్షిణాఫ్రికాలో జేమ్స్ బర్నార్డ్ 1970లలో నైట్రేటు నీళ్ళని వెనక నుంచి ముందుకి పంపు చేసి దీన్ని నిజంగా పనిచేసేలా చేసాడు. పైగా లాభం ఒకటుంది. నైట్రేటు అవడానికి పెట్టిన 4.57 కిలోల ఆక్సిజన్‌లో 2.86 కిలోల మేర తిరిగి కలిసొస్తుంది, కరెంటు ఆదా. అనామాక్స్ అనే ఇంకో దగ్గరదారి 1990లలో డెల్ఫ్ట్‌లో దొరికింది, అది చెప్పడానికి ఇంకో టపా కావాలి.

ఇప్పుడు మన దగ్గరికి. హైదరాబాదులో మూసీ ప్రక్షాళన కింద అంబర్‌పేటలో కట్టిన 339 ఎంఎల్డీ కేంద్రానికి ఎంచుకున్నది గాలి అక్కరలేని యూఏఎస్‌బీ పద్ధతి. కరెంటు ఖర్చు తక్కువ, మన పరిస్థితికి సరిపోయే నిర్ణయమే అప్పటికి. కానీ ఆ తొట్టిలో అమ్మోనియా తగ్గదు, ఇంకాస్త పెరుగుతుంది కూడా. 2021లో నగరానికి రూ.3,866 కోట్లతో 1,259.5 ఎంఎల్డీకి 31 కొత్త కేంద్రాలు మంజూరైనప్పుడు పద్ధతి మారింది, ఎస్‌బీఆర్ వచ్చింది. ఒకే తొట్టి. మురుగు నింపు, గాలి ఊదు, ఆపు, బురద పేరనీ, పైనీళ్ళు తోడెయ్యి, మళ్ళీ నింపు. గాలి ఉన్నప్పుడు నైట్రేటు, లేనప్పుడు నత్రజని వాయువు.

గుర్తుపట్టారా? ఆర్డెర్న్, లాకెట్ 1914లో చేసింది అచ్చంగా ఇదే! గంటగంటకీ కవాటాలు తిప్పలేక మనుషులు దాన్ని వదిలేసారు. తిప్పడానికి కంట్రోలర్లు వచ్చాక 1980లో అమెరికాలో కల్వర్ అనే చిన్న ఊళ్ళో రాబర్ట్ ఇర్విన్ దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాలర్ ఎగరేసుకోదగ్గ సందర్భం ఇదొక్కటే అనుకుంటా.

యంత్రం వచ్చింది, మరి రూలు? 2015 నవంబరు ముసాయిదాలో మొత్తం నత్రజని లీటరుకి 10 మిల్లీగ్రాములు మించొద్దని రాసారు. 2017 అక్టోబరులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి నత్రజని ఊసే లేదు. బీఓడీ, తేలే మడ్డి, మలబ్యాక్టీరియా, పీహెచ్, అంతే. 2019 ఏప్రిల్ 30న ఎన్జీటీ ఆ సడలింపుని తప్పుబట్టి, 10 మిల్లీగ్రాములు తిరిగి పెట్టమంది. మన ఊళ్ళ మురుగులో మామూలుగా 40 నుంచి 60 ఉంటుంది. అంటే ముప్పావు వంతు పైగా తీసెయ్యాలి. రూలులో లేని అంకెని ఏ కాంట్రాక్టరూ కొలవడు, అది ఆయన తప్పు కూడా కాదు.

సిద్దిపేటలో భూగర్భ డ్రైనేజీ తెలంగాణ వచ్చాక మొదలైంది. కోమటి చెరువు ఈరోజు సాయంత్రం షికారుకెళ్ళే జాగా అయింది. అలాంటి చెరువులోకి శుద్ధిచేసిన నీళ్ళు వదిలేటట్టయితే నత్రజని పూర్తిగా తీసెయ్యాల్సిందే, వాదన లేదు. కానీ అవే నీళ్ళు పొలాలకి పోతున్నప్పుడు? అక్కడ నేను ఫౌలర్ పక్షం. 40 బస్తాల నత్రజనిని కరెంటు పెట్టి గాలిలోకి ఊది, మర్నాడు రామగుండం నుంచి లారీలో 40 బస్తాలు తెప్పించుకోవడం నాకు మింగుడుపడదు.

ఈ మాట మా మామతో అంటే ఆయన ఒప్పుకోలేదు. "మోరీ నీళ్ళు పారిన మడి మనిషెత్తు పెరుగుతది రా, గింజ పట్టేయాల్లకు అడ్డం పడ్తది" అన్నాడు. నిజమే. నత్రజని ఎక్కువైతే వరి ఆకు మీద పోతుంది, దోమపోటు వస్తుంది, తాలు మిగులుతుంది. నాటేసిన కొత్తలో కావలసింది పొట్టదశ దాటాక అక్కరలేదు. మోరీ మాత్రం పన్నెండు నెలలూ ఒకేలా పారుతుంది. అందుకే ఎస్‌బీఆర్ తొట్టి నాకు నచ్చింది. గాలి ఊదే వేళలు మార్చుకుంటే, పైరుకి కావలసిన నెలల్లో నత్రజనిని నీళ్ళల్లో ఉంచొచ్చు, మిగతా నెలల్లో తీసెయ్యొచ్చు. మలబ్యాక్టీరియాని మాత్రం ఏ నెలలోనూ వదలకూడదు. ఇది కొత్త తొట్టి కట్టే పని కాదు, వేళలు మార్చే పని. కాకపోతే నీళ్ళల్లో అమ్మోనియా ఎంత, నైట్రేటు ఎంత అని ఎవరో ఒకరు రోజూ కొలిచి గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. వ్యవసాయాధికారి, మున్సిపల్ ఇంజనీరు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. మొదటిది సులువు, రెండోదే కష్టమంటారు మా వాళ్ళు.

సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక చెరువులకి గానీ బోర్లకి గానీ పాత నైట్రేటు పరీక్షల కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. ముఖ్యంగా డ్రైనేజీ రాకముందువి. ముందూ వెనకా పక్కపక్కన పెట్టి ఒక గ్రాఫు గీద్దామని ఉంది.