గడ్డ అనే మాట, ఒక నోబెల్ బహుమతి

ఎర్రగడ్డ అన్న ఊరిపేరులో ‘గడ్డ’ అంటే నేల. తెలుగుగడ్డ, పుట్టినగడ్డ అన్నప్పటి అర్థమే. అదే మాట ఒంటిమీద లేచిన వ్రణానికీ, పేరుకొన్న నెత్తురుకూ చెల్లుతుంది. ఈ శబ్దచర్చ ఎందుకంటే, మెదడులో ధమని ఉబ్బితే దానినీ మనవారు ‘మెదడులో గడ్డ’ అనేస్తున్నారు. అది సరికాదు. అన్యూరిజం అన్నది ముద్ద కాదు. ధమని గోడ పలుచబడినచోట బయటికి పొంగిన తిత్తి. లోపల నెత్తురు సుడి తిరుగుతుంటుంది. తిత్తి చిట్లితే ప్రాణాపాయం.

హైదరాబాదువారికి ఎర్రగడ్డ అనగానే స్ఫురించేది 1953లో జాల్నా నుంచి తరలివచ్చిన మానసిక చికిత్సాలయం. ‘వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి’ అన్న ఎకసెక్కం నాకెన్నడూ రుచించలేదు. అదలా ఉంచితే, మనోవ్యాధికీ ధమని ఉబ్బుకూ సంబంధమేమిటని మిత్రులు అడగవచ్చు. రెంటినీ కలిపేవాడు లిస్బన్ వైద్యుడు ఎగాస్ మోనిజ్. 1927లో ఆయన మెడలోని ధమనిలోకి అయోడైడు ద్రావణం ఎక్కించి, ఎక్స్‌రే తీసి, బతికున్న మనిషి మెదడులోని రక్తనాళాలను పటంగా చూపాడు. 1935లో మనోవ్యాధులకు మెదడులోని తంతువులను తెగగొట్టే శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. 1949లో నోబెల్ వచ్చింది ఈ రెండవదానికి! ఎందరినో జీవచ్ఛవాలను చేసిన ఆ కోత, మందులు వచ్చాక మూలపడింది. బహుమతి దక్కని మొదటి పనిమీదనే తరువాతి కథంతా నిలిచింది.

1937లో అమెరికాలో వాల్టర్ డాండీ పుర్రె తెరిచి, తిత్తి మెడకు వెండి క్లిప్పు బిగించాడు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో 1956లో బాలపరమేశ్వరరావు న్యూరోసర్జరీ విభాగం నెలకొల్పేనాటికి క్లిప్పుదే రాజమార్గం. 1990లో లాస్ ఏంజెలెస్‌లో గుగ్లియెల్మి పుర్రె తెరవకుండా, తొడ ధమనిగుండా సన్నని గొట్టం పంపి, తిత్తిని ప్లాటినం తీగచుట్టలతో నింపాడు. కానీ మెడ వెడల్పయిన పెద్ద తిత్తుల్లో చుట్టలు నిలవవు. నిలిచినా కొన్నాళ్లకు నెత్తురు మళ్లీ దారి చేసుకొంటుంది.

అప్పుడు ఆలోచన మారింది. కాలువ గట్టు కోసుకుపోయి పక్కన మడుగు కట్టితే, మడుగును పూడ్చడం ఒక పద్ధతి. ప్రవాహాన్ని కాలువలోనే నిలపడం మరొకటి. ఫ్లో డైవర్టర్ చేసేది రెండవది. అమెరికా ప్రభుత్వం 2011లో అనుమతించిన ‘పైప్‌లైన్’ 48 సన్నని లోహపుతీగలతో అల్లిన గొట్టం. దానిని తిత్తిలో పెట్టరు. తిత్తి ముఖద్వారానికి అడ్డంగా ధమనిలోనే పరుస్తారు. ఉరవడి తగ్గిన నెత్తురు తిత్తిలో మెల్లగా గడ్డకడుతుంది. ఆ అల్లికమీద ధమని లోపొర పెరిగి కొత్త గోడ కడుతుంది. పక్కనున్న చిన్న శాఖలకు మాత్రం అల్లిక సందుల్లోంచి నెత్తురు చాలావరకు అందుతూనే ఉంటుంది. అనుమతికి ఆధారమైన పరిశోధనలో, ఏడాది తరువాత పరీక్షించిన పెద్ద తిత్తుల్లో నూటికి 86కు పైగా పూర్తిగా మూసుకొన్నాయి. అయితే కొందరికి పక్షవాతమో మరణమో తప్పలేదన్నదీ అక్కడే నమోదైంది.

ఇక్కడొక చిక్కుంది. తిత్తిలో నెత్తురు గడ్డకట్టాలి, గొట్టంలో కట్టకూడదు. అందుకే రోగి నెలల తరబడి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ బిళ్లలు వేసుకోవాలి. అవే బిళ్లలు నెత్తురు కారితే ఆగనివ్వవు గనుక, అప్పటికే చిట్లిన తిత్తికి ఈ పద్ధతి వాడటానికి వైద్యులు సంకోచిస్తారు. హైదరాబాదులోనూ ఈ చికిత్స జరుగుతోంది. ఆరునెలలకో ఏడాదికో రోగిని మళ్లీ పిలిచి, తిత్తి మూసుకొన్నదో లేదో చూస్తారు. అందుకు తీసేది తరచు మోనిజ్ నేర్పిన పటమే.