డాంటే కావ్యం: అనువాదం ద్వారా చరిత్ర పఠనం

మధ్యయుగ ఇటలీ చరిత్రకు డాంటే రచించిన 'డివైన్ కామెడీ' ముఖ్యమైన సాహిత్య ఆధారం. ఇటాలియన్ భాష రాని విద్యార్థులు దీన్ని ఆంగ్లానువాదంలో చదువుతారు. అయితే అనువాదంలోని మాటను చారిత్రక సాక్ష్యంగా ఎంతవరకు స్వీకరించవచ్చు?

ఈ కావ్యం మూడేసి పాదాలుగా, ఒకదానితో ఒకటి పెనవేసుకున్న అంత్యప్రాసలతో సాగుతుంది. ఇటాలియన్ పదాలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ఆ భాషలో ప్రాస సులువు, ఆంగ్లంలో కష్టం. 1949లో వెలువడిన 'ఇన్‌ఫెర్నో' అనువాదంలో డొరొతీ సేయర్స్ ప్రాసను నిలబెట్టారు. చార్లెస్ సింగిల్టన్ 1970ల్లో వచనానువాదాన్ని విస్తృత వ్యాఖ్యానంతో ప్రచురించారు. ప్రాస కోసం పదం మారే అవకాశం ఉంది. వచనంలో అర్థం దగ్గరగా ఉన్నా, పద్యపు నడక పోతుంది.

అనువాదం ఏదైనా, వివరణలు లేకపోతే చరిత్ర అందదు. 1302లో ఫ్లోరెన్స్ నుంచి బహిష్కృతుడైన డాంటే తన కథను 1300లో జరిగినట్లు చెప్పాడు. ఆనాటికి జీవించి ఉన్న పోప్ ఎనిమిదవ బోనిఫేస్‌కు నరకంలో చోటు ఖాయమని ఒక పాత్ర చేత పలికించాడు. బోనిఫేస్ 1303లో మరణించాడు. డాంటే ఈ భాగాన్ని ఆ తరువాతే రాశాడు. కనుక ఇది జోస్యం రూపంలో ఉన్న రాజకీయ తీర్పు. ఈ తేదీలు తెలియని పాఠకుడు దీన్ని కేవలం మతపరమైన కల్పనగా భావించే ప్రమాదం ఉంది.

కాబట్టి ఈ కావ్యంలోని ఏ మాటనైనా ఆధారంగా చూపేముందు దాన్ని కనీసం రెండు అనువాదాల్లో, వివరణలతో సహా పరిశీలించాలి.