‘అజాక్స్’: పేరుకు ముందున్న ఆరేళ్ల చరిత్ర

తెరచి ఉన్న జాలపుటను పూర్తిగా మళ్లీ తెప్పించకుండా, సర్వరు నుండి కావలసిన సమాచారాన్ని మాత్రమే జావాస్క్రిప్ట్ ద్వారా రప్పించే విధానానికి ‘అజాక్స్’ అని పేరు. దీని చరిత్రను 2005తో ఆరంభించడం పరిపాటి. అయితే అది పేరు పుట్టిన సంవత్సరమే గాని, సాధనం పుట్టిన సంవత్సరం కాదు.

తొలినాళ్లలో జాలపుట అవిభాజ్యం. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ పుటలోని అంశాలను మార్చగలిగేది గాని, సర్వరుతో నేరుగా సంభాషించే మార్గం దానికి లేదు. దరఖాస్తు నింపి పంపితే పుట మొత్తం మళ్లీ రావలసిందే. కంటికి కనిపించని ఫ్రేమును పుటలో దాచి, దాని ద్వారా సమాచారం రప్పించినవారూ ఉన్నారు. అది ఉపాయమే గాని సాధనం కాదు.

సాధనం ఈమెయిలు అవసరం నుండి వచ్చింది. మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్‌ఛేంజ్ 2000 కోసం ‘అవుట్‌లుక్ వెబ్ యాక్సెస్’ను నిర్మిస్తున్న బృందం, బ్రౌజరులోనే ఉత్తరాలు చదివే వీలు కల్పించదలచింది. ప్రతి ఉత్తరానికీ పుట మొత్తం మారితే ఆ అనువర్తనం నిలవదు. అందుకు తయారైన ‘ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ’ అనే భాగం 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వెలువడింది. దాని తొలి రూపాన్ని రాసిన అలెక్స్ హాప్‌మన్ తరువాత చెప్పిన వివరణ గమనార్హం. బ్రౌజరు విడుదల గడువు దగ్గరపడడంతో, దానితోపాటు వెళ్తున్న ఎక్స్‌ఎంఎల్ గ్రంథాలయంలో ఈ భాగాన్ని చేర్చారు. పేరులో ఎక్స్‌ఎంఎల్ ఉండడానికి కారణం అదే. అది చేసే పనికి ఎక్స్‌ఎంఎల్‌తో అనివార్య సంబంధమేమీ లేదు.

అసమకాలికత అనే ముఖ్యలక్షణం మాత్రం ఆ పేరులో ఎక్కడా లేదు. ‘ఓపెన్’ అనే ప్రమేయానికి ఇచ్చే మూడవ విలువలో అది ఇమిడి ఉంది. ఆ విలువ ‘ట్రూ’ అయితే అభ్యర్థనను పంపి బ్రౌజరు తన పని తాను చేసుకుంటుంది. అభ్యర్థన స్థితి 0 నుండి 4 వరకు మారుతుంటుంది. 4కు చేరడమంటే వ్యవహారం ముగిసినట్లు. అప్పుడు ముందే నియమించిన ప్రమేయం ఫలితాన్ని అందుకుంటుంది. ‘ఫాల్స్’ అయితే సమాధానం వచ్చేదాకా పుట స్తంభించిపోతుంది. ఒకే సాధనంలో రెండు స్వభావాలు ఉన్నా, చరిత్రలో నిలిచింది మొదటిదే.

మొజిల్లా ఇదే సాధనాన్ని ‘ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్’ పేరుతో తన బ్రౌజరులో అంతర్భాగం చేసింది. సఫారి, ఒపెరా అనుసరించాయి. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్, 2005 ఫిబ్రవరి 8న గూగుల్ మ్యాప్స్ రావడంతో ఈ పద్ధతి శక్తి సామాన్య వినియోగదారులకూ అనుభవంలోకి వచ్చింది.

మ్యాప్స్ వచ్చిన పది రోజులకు, ఫిబ్రవరి 18న, జెస్సీ జేమ్స్ గారెట్ తన వ్యాసంలో ‘అజాక్స్’ అనే పేరును ప్రతిపాదించారు. ‘అసింక్రనస్ జావాస్క్రిప్ట్, ఎక్స్‌ఎంఎల్’ అనే పదాలకు అది సంక్షిప్తరూపం. ఖాతాదారులతో చర్చించేటప్పుడు వాడుకోవడానికి ఒక పొట్టి మాట కావలసి వచ్చిందని ఆయనే చెప్పారు. గారెట్ కనుగొన్న సాంకేతికత ఏదీ ఇందులో లేదు. అయినా ఆయన పాత్రను తగ్గించడం న్యాయం కాదు. విడివిడిగా ఉన్న పనితనాలను ఒక విధానంగా గుర్తించి చర్చించే వీలు ఆ పేరుతోనే కలిగింది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఈ సాధనానికి తొలి ప్రమాణ ముసాయిదాను వెలువరించింది 2006 ఏప్రిల్‌లో; అంటే వాడుక మొదలైన ఏడేళ్లకు. వ్యాకరణం ప్రయోగాన్ని అనుసరించడం భాషాధ్యయనపరులకు కొత్త విషయం కాదు.

పేరులోని ఎక్స్‌ఎంఎల్ ఆచరణలో క్రమంగా వెనుకబడింది. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చిన జేసన్ రూపం దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. 2015లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో ప్రవేశించిన ‘ఫెచ్’ పేరులో ఎక్స్‌ఎంఎల్ ప్రసక్తే లేదు. వెళ్లి తెచ్చిపెట్టడమని మాత్రమే ఆ మాటకు అర్థం. పాత సాధనం మాత్రం బ్రౌజర్ల నుండి తొలగలేదు. దానిపై ఆధారపడిన పుటలు ఇంకా ఉన్నాయి. ఆంగ్లలిపిలో దాని పేరు రాసినప్పుడు ‘ఎక్స్‌ఎంఎల్’ మూడక్షరాలూ పెద్దబడిలోనూ, ‘హెచ్‌టీటీపీ’లో మొదటిది మాత్రమే పెద్దబడిలోనూ ఉంటాయి. ఆ పొంతనలేనితనాన్ని ప్రమాణపత్రం కూడా యథాతథంగా నిలుపుకొన్నది.