స్ప్రింట్ శిక్షణలో విశ్రాంతి

పొట్టి పరుగుల సాధనలో పూర్తి వేగంతో తీసే రెండు పరుగుల మధ్య, రెండు కఠినమైన రోజుల మధ్య, రెండు సీజన్ల మధ్య వదిలే విరామాలను కోచ్‌లు శిక్షణలో భాగంగానే లెక్కిస్తారు. వార్మప్, స్ట్రెచింగ్, నిద్ర, ఆటవిడుపు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. 60 మీటర్ల నుంచి 400 మీటర్ల దాకా ఉన్న పరుగులకూ, హర్డిల్స్‌కూ ఇది వర్తిస్తుంది. దూరపు పరుగుల్లో అలసట మీద అలసట పేర్చుకుంటూ పోవడానికి కొంత వీలుంది. స్ప్రింట్‌లో ఆ వీలు తక్కువ. అలసిన కాళ్ళతో ఎన్ని పరుగులు తీసినా శరీరానికి అలవాటయ్యేది నెమ్మదిగా పరిగెత్తడమే.

శరీరంలో జరిగేది

పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు మొదటి కొన్ని సెకన్ల శక్తి కండరంలో నిల్వ ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్‌ల నుంచి వస్తుంది. 6 నుంచి 10 సెకన్లలో ఈ నిల్వ చాలావరకు ఖర్చవుతుంది. ఆగాక అర నిమిషానికి దాదాపు సగం తిరిగి చేరుతుంది. మిగతాది నిండడానికి 3 నుంచి 5 నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే ప్రతి 10 మీటర్లకు ఒక నిమిషం విరామం అన్న మోటు లెక్క కోచ్‌ల వాడుకలో ఉంది. ఆ లెక్కన 60 మీటర్ల పరుగులు నాలుగు తీస్తే పరిగెత్తేది అర నిమిషం, మధ్యలో నడుస్తూనో నిలబడో గడిపేది 18 నిమిషాలు. గ్రౌండ్ పక్కన కూర్చుని చూసే తల్లిదండ్రులకు ఇదంతా కాలక్షేపంలా కనిపిస్తుంది. పిల్లవాడు ఆయాసపడితేనే కోచింగ్ జరిగినట్టు అనుకోవడం మన దగ్గర మామూలే. విరామాన్ని నిమిషానికి కుదిస్తే చెమట బాగా పడుతుంది, రొప్పు వస్తుంది, కానీ పెరిగేది ఓర్పే.

ఇంధనం నిండినంత మాత్రాన పని తీరదు. గరిష్ఠ వేగంలో ఉన్న మేటి స్ప్రింటర్ పాదం నేలను తాకి ఉండేది సెకనులో పదో వంతు. ఆ కాస్త వ్యవధిలోనే శరీర బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి కాలి మీద పడుతుంది. దాన్ని తట్టుకుని తిరిగి ఎగరడానికి నరాలు కండరాలన్నిటినీ ఒక్కసారిగా పురమాయించాలి. మర్నాడు కాళ్ళు బరువెక్కడాన్ని కోచ్‌లు నరాల అలసట అంటారు. కండర తంతువుల్లో ఏర్పడే సూక్ష్మ నష్టం వాటా అందులో పెద్దదని శరీర శాస్త్రం తెలిసినవారు చెబుతారు. కారణం దగ్గర తేడా ఉన్నా గడువు దగ్గర ఇద్దరూ దాదాపు కలుస్తారు: కోలుకోవడానికి సుమారు 48 గంటలు, బాగా కఠినమైన సాధన తరువాత 72 గంటలు.

చార్లీ ఫ్రాన్సిస్ పద్ధతి

ఈ 48 గంటల లెక్కను స్ప్రింట్ శిక్షణకు మూలసూత్రంగా మలచినవారిలో కెనడా కోచ్ చార్లీ ఫ్రాన్సిస్ పేరు ముందు వస్తుంది. ఆయన స్వయంగా 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరిగెత్తినవాడు. ఆయన పద్ధతిలో రోజులు రెండే రకాలు. ఒక రోజు 95 శాతానికి పైన, మర్నాడు 75 శాతానికి లోపు. నడిమి వేగం వేగాన్ని పెంచదు, కోలుకోనీయదు కాబట్టి దాన్ని వీలైనంత తగ్గించాలి.

తేలిక రోజున చేసేదాన్ని టెంపో అంటారు. 100 మీటర్లు 11 సెకన్లలో పరిగెత్తే కుర్రాడు ఆ రోజు అదే దూరాన్ని 15, 16 సెకన్లలో, గడ్డి మీద, నోరు తెరిచి రొప్పకుండా పూర్తి చేస్తాడు. రక్తం ఆడుతుంది, కాళ్ళు వదులవుతాయి. కుర్రాళ్ళతో పాటింపజేయడం కష్టమైన రోజు ఇదే. పక్కవాడు కాస్త ముందుకెళ్ళగానే రెండోవాడు ఊరుకోడు, మూడో పరుగుకల్లా టెంపో కాస్తా పందెంగా మారుతుంది.

ఫ్రాన్సిస్ శిష్యుడు బెన్ జాన్సన్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లను 9.79 సెకన్లలో గెలిచి, స్టానోజొలాల్ అనే ఉత్ప్రేరకం వాడినట్టు తేలడంతో పతకం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది డూబిన్ విచారణ సంఘం ముందు ఫ్రాన్సిస్ ఉత్ప్రేరకాల వాడకాన్ని ఒప్పుకున్నాడు. ఆయన సాధన పట్టికలను నేటికీ యథాతథంగా దించుకునేవారున్నారు. ఆ మందులు శరీరం కోలుకునే తీరునే మార్చేస్తాయి కాబట్టి వాటి అండతో మోసిన భారాన్ని మామూలు కుర్రాడి మీద మోపడం తెలివైన పని కాదు. రోజు మార్చి రోజు అన్న సూత్రం మాత్రం నిలిచింది.

స్ట్రెచింగ్, తొడ వెనుక కండరం

స్ప్రింటర్లను ఎక్కువగా బాధించేది తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాల గాయం. కాలు ముందుకు ఊగి పాదం నేలను తాకబోయే ముందు ఈ కండరం బాగా సాగి ఉంటుంది. అదే సమయంలో ముందుకు దూసుకుపోతున్న ముంగాలికి బ్రేకు వేసే పని కూడా దానిదే. చాలాసార్లు అది అక్కడే తెగుతుంది. ఒకసారి గాయమైనవారికి మళ్ళీ అయ్యే అవకాశం ఎక్కువ.

దీనికి మందు స్ట్రెచింగేనని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. పరుగుకు ముందు వరసగా కూర్చుని, కాళ్ళు చాపి, వేళ్ళు పట్టుకుని అంకెలు లెక్కపెట్టడం ఇప్పటికీ చాలా స్కూళ్ళలో కనిపిస్తుంది. ఒక్కో కండరాన్ని కదలకుండా నిమిషానికి మించి సాగదీసి ఉంచితే ఆ వెంటనే దాని బలం, పేలుడు శక్తి కొద్దిగా తగ్గుతాయని పరిశోధనలు చూపాయి. అర నిమిషం లోపు సాగదీత వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదు. అందువల్ల పరుగుకు ముందు కదులుతూ చేసే స్ట్రెచింగ్‌కే మొగ్గు. పది నిమిషాల జాగింగ్, గోడ పట్టుకుని కాలు ముందుకు వెనక్కి ఊపడం, మోకాళ్ళు ఎత్తి గెంతడం, పెద్ద అడుగు వేసి కిందికి వంగడం, ఆపై వేగం పెంచుకుంటూ మూడు నాలుగు పరుగులు.

సాధన తరువాత ఒక్కో కండరాన్ని 20, 30 సెకన్లు పట్టి ఉంచే సాగదీత కీళ్ళ కదలికను వారాల మీద పెంచుతుంది. మర్నాటి నొప్పులను మాత్రం అది పెద్దగా తగ్గించదు. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సమీక్ష 2011లో ఇదే తేల్చింది. హర్డిల్స్ వారికి తుంటి బాగా తెరుచుకోవాలి కనుక ఈ సాగదీత తప్పనిసరి. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజి 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లలో పూర్తి చేసిన 100 మీటర్ల హర్డిల్స్‌లో దాటాల్సిన అడ్డంకులు పది. 100 మీటర్ల స్ప్రింటర్‌కు తుంటి అంతగా తెరుచుకోనక్కర్లేదు.

గాయం ముప్పును తగ్గించడంలో సాగదీత కన్నా బలానికే రుజువు ఎక్కువ. బలం పెంచే వ్యాయామాల్లో పేరున్నది నార్డిక్. మోకాళ్ళ మీద నిలబడితే జతగాడు వెనక నుంచి రెండు చీలమండలనూ నేలకు అదిమి పట్టుకుంటాడు. తల నుంచి మోకాళ్ళ దాకా ఒకే గీతలా బిగించి, నడుము దగ్గర వంగకుండా, వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. పట్టు తప్పే చోట అరచేతులు నేలకు ఆనించుకోవాలి. డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద జరిపి 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఇది హ్యామ్‌స్ట్రింగ్ గాయాలను సగానికి పైగా తగ్గించింది. కొత్తవారు ఐదేసి సార్లు రెండు సెట్లతో మొదలుపెడతారు. మర్నాడు మెట్లు దిగడమే కష్టమవుతుంది కాబట్టి పోటీకి ముందు రోజుల్లో దీని జోలికి పోరు.

వార్మప్ ఎంత బాగా చేసినా దాని ప్రభావం గంటలకొద్దీ నిలవదు. 2017 ఆగస్టు 12న లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ 4×100 మీటర్ల రిలే ఫైనల్లో, తన ఆఖరి పరుగులో, ఉసేన్ బోల్ట్ బ్యాటన్ అందుకుని కొన్ని అడుగులు వేయగానే ఎడమ తొడ పట్టుకుని కూలిపోయాడు. పరుగుకు ముందు తమను చలిలో చాలాసేపు నిలబెట్టారని జట్టు సభ్యుడు యోహాన్ బ్లేక్ నిర్వాహకుల మీద విరుచుకుపడ్డాడు. గాయానికి అదే కారణమని రుజువు చేయడం కష్టం. అప్పటికి బోల్ట్ వయసు 30, హ్యామ్‌స్ట్రింగ్ సమస్యలు కొత్త కాదు, వెన్నెముక వంకర పుట్టుకతో వచ్చింది. 2004లో 200 మీటర్ల జూనియర్ ప్రపంచ రికార్డు 19.93 సెకన్లు సాధించినవాడే, అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో గాయాలతో తొలి రౌండ్‌లోనే వెనుదిరిగాడు. ఆ తరువాత చేయి పట్టిన కోచ్ గ్లెన్ మిల్స్ నడుము, వీపు కండరాలను బలపరచడం మీద ఏళ్ళ తరబడి దృష్టి పెట్టాడు. 2009 బెర్లిన్‌లో 100 మీటర్లలో నెలకొల్పిన 9.58 సెకన్ల రికార్డు వెనుక ఈ ఓపిక ఉంది.

ఆపాల్సిన వేళ

సాధనను ఎప్పుడు ఆపాలో చెప్పడానికి స్టాప్‌వాచ్‌ను మించిన సాధనం లేదు. 30 మీటర్లను 4.20 సెకన్లలో తీసేవారి సమయం 4.35కి పడిపోతే, పట్టికలో ఇంకా రెండు పరుగులు మిగిలి ఉన్నా ఆ రోజుకు స్పైక్స్ విప్పేయడమే. గరిష్ఠ వేగం మీద పనిచేసే రోజున మొత్తం దూరం 300 నుంచి 500 మీటర్లు దాటకపోవడం మామూలు.

ఖర్చు లేని మరో పరీక్ష సుద్దతో చేసేది. వేళ్ళకు సుద్ద రాసుకుని గోడ పక్కన నిలబడి ఎగిరి మరక పెడతారు. బాగా కోలుకున్న రోజు మరక కన్నా నాలుగైదు సెంటీమీటర్లు కిందికి జారితే ఆ రోజు టెంపోతో సరిపెట్టడం మేలు. ఉదయం లేవగానే నాడి మామూలు కన్నా వేగంగా కొట్టుకోవడం, ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, అయినదానికీ కానిదానికీ చిరాకు వారాల తరబడి సాగుతూ, విశ్రాంతి ఇచ్చినా సమయాలు మెరుగుపడకపోతే దాన్ని ఓవర్‌ట్రెయినింగ్‌గా అనుమానిస్తారు. దాని నుంచి బయటపడడానికి నెలలు పట్టవచ్చు. నొప్పి మాత్ర వేసుకుని ట్రాక్ ఎక్కడం ఈ సంకేతాలన్నిటినీ కప్పిపెడుతుంది.

నిద్ర, చన్నీళ్ళు, మసాజ్

కోలుకోవడానికి తోడ్పడేవాటిలో నిద్రకు సాటి వచ్చేది లేదు. 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటలు అవసరమని అమెరికా నిద్ర వైద్యుల సంఘం సూచిస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళను కొన్ని వారాల పాటు రాత్రికి 10 గంటలు పడకలో ఉండమన్నప్పుడు వారి స్ప్రింట్ సమయాలు మెరుగుపడ్డాయని 2011లో ప్రచురించారు. పాల్గొన్నది 11 మందే కాబట్టి దాన్ని శిలాశాసనంగా తీసుకోనక్కర్లేదు. హాస్టల్లో తెల్లవారుజామున స్టడీ అవర్, ఆపై గ్రౌండ్, రాత్రి పదకొండు దాకా మళ్ళీ చదువు అంటే పదహారేళ్ళ పిల్ల ఆ నిద్ర ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందన్నది మాత్రం ఆలోచించాల్సిందే.

ఐసు నీళ్ళలో కూర్చుంటే నొప్పి తగ్గుతుంది. ఒకే రోజు రెండు రౌండ్లున్నప్పుడు, పోటీల మధ్య అది పనికొస్తుంది. బరువులెత్తిన ప్రతిసారీ చేస్తే కండరం పెరుగుదల మందగించవచ్చు. మసాజ్ వల్ల శరీరం తేలికైనట్టు అనిపిస్తుంది, పరుగు వేగం మీద దాని ప్రభావం స్వల్పం.

సెలవులు, సరదా

సీజన్ ముగిశాక రెండు నుంచి నాలుగు వారాలు ట్రాక్ వైపు చూడకపోవడం చాలామంది పాటించే ఆనవాయితీ. రెండు మూడు వారాల్లో బలం పెద్దగా తగ్గదు. పరుగులో పదును కొంత పోతుంది, మళ్ళీ వస్తుంది. ప్రమాదం సెలవులో కన్నా తిరిగొచ్చిన మొదటి వారంలో ఎక్కువ, పాత సమయాలు మనసులో పెట్టుకుని తొలిరోజే పూర్తి వేగం అందుకునేవారికి మరీను. పిల్లల విషయంలో ఒకే ఆటకు అంకితమైనవారికి ఏడాదిలో విడతలుగా మొత్తం మూడు నెలలు, వారానికి ఒకటి రెండు రోజులు ఆ ఆట నుంచి సెలవివ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సిఫారసు.

సరదా అంటే ఏమిటన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. బోల్ట్ డామినోలు ఆడేవాడు, పార్టీలకు వెళ్ళేవాడు. స్ప్రింటర్ నోవా లైల్స్ 2024 అమెరికా ఒలింపిక్ ట్రయల్స్‌లో పరుగుకు ముందు యూ-గి-ఓ ఆట కార్డులు తీసి చూపించి జనాన్ని నవ్వించాడు, ఆ ఏడాది పారిస్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అయితే కాళ్ళకు సంబంధించినంతవరకు అన్ని సరదాలూ విశ్రాంతి కావు. ఆదివారం వార్మప్ లేకుండా ఆడే గల్లీ క్రికెట్‌లో రెండో పరుగు కోసం వెనుదిరిగి దూకడం, పెళ్ళి బరాత్‌లో డీజే ముందు మూడు గంటలు గెంతడం సోమవారం సాధన పట్టికలో రాయాల్సిన భారాలే. ఈత, సైకిలు, సినిమా, పండక్కి ఊరెళ్ళి రావడం వంటివాటితో ఈ చిక్కు లేదు. ఖోఖో, కబడ్డీ మంచి వేగాన్నిచ్చే ఆటలే, వాటిని కఠినమైన రోజుల్లో కలిపితే సరి.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందినవారిలో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి ఒకరు. ఆమె 2024 మేలో కోబె ప్రపంచ పారా ఛాంపియన్‌షిప్స్‌లో టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో హీట్స్ మర్నాడే ఫైనల్ పరిగెత్తి 55.82 సెకన్లతో కాంస్యం గెలిచారు. 400 మీటర్లలో కండరాల్లో ఆమ్లత్వం బాగా పెరుగుతుంది. ఒక్క రాత్రిలో కోలుకోవడం అక్కడ పందెంలో భాగం.

ఇలాంటి అథ్లెట్లకన్నా పెద్ద సంఖ్యలో స్ప్రింట్ సాధన చేసేది పోలీసు ఉద్యోగార్థులు. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల్లో 1600 మీటర్లతో పాటు 100 మీటర్ల పరుగు కూడా ఉంటుంది. నోటిఫికేషన్ పడగానే జూనియర్ కళాశాల మైదానాలు, ఊరి బయట తారు రోడ్లు తెల్లవారుజామున నిండిపోతాయి. ఏళ్ళుగా పరిగెత్తని కాళ్ళతో, వారానికి ఏడు రోజులూ పూర్తి వేగంతో మొదలుపెట్టేవారికి రెండో మూడో వారంలో ముంగాలి ఎముక నొప్పి, తొడ పట్టేయడం తరచుగా ఎదురవుతాయి. వారానికి రెండు రోజులు 100 మీటర్ల పని, మరో రెండు రోజులు తేలికగా 1600 మీటర్ల పని, వీలైతే తారు మీద కాక మట్టి మీద, చివరి పరుగుకూ పరీక్షకూ మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉండేలా చూసుకుంటే ఎక్కువమంది గాయం లేకుండా పరీక్ష రోజుకు చేరుకుంటారు.